పరమగీతమునందలి పరిమళములు

పరమగీతము ప్రథమాధ్యాయము 14వ వచనమున నాయిక తన ప్రియుని ఏన్గెదీ ద్రాక్షావనములలోని యొక పూగుత్తితోఁ బోల్చినది. ఆ పూవునకు హెబ్రీ మూలమునఁ 'గోఫెర్' అని పేరు. తెలుఁగు బైబిలునందు దానికిఁ గర్పూరమని యున్నది. చదువరి యీ పదముకడ నిలువక ముందునకు సాఁగుట సామాన్యము. కర్పూరము సుగంధద్రవ్యమే, ప్రియుఁడును సుగంధముతోఁ బోల్పఁదగినవాఁడే, కావున నర్థమునకు లోపము లేనట్లే తోఁచును. కాని కర్పూరవృక్షము చీనా జపాను ప్రాంతములది. ఏన్గెదీ యన్ననో మృతసముద్రపుఁ బశ్చిమతీరమున, సముద్రమట్టముకంటెఁ జాల దిగువను, ఎండిన కొండల నడుమ నీటియూట నాశ్రయించి పెరిగిన పచ్చనితావు. అచ్చటఁ గర్పూరము పుట్టదు. పుట్టినను దాని సౌరభము పూవునందుఁ గాక కఱ్ఱయందును ఆకునందును నుండును. తెలుఁగు చదువరి కర్పూరమనఁగానే హారతిపళ్ళెరమున వెలుఁగు తెల్లని బిళ్ళను దలంచునే కాని, ద్రాక్షతీఁగల నడుమ విరిసిన పూగుత్తిని దలంపఁడు.

కోఫెర్ అనునది గోరింట. గ్రీకు భాషాంతరమున దీనికిఁ 'గుప్రోస్' అని పేరు. గోళ్ళకుఁ బెట్టుకొనెడి యా గోరింటయే యిది. దాని యాకు నెఱిఁగినంతగా దాని పూవును లోక మెఱుఁగదు. ఆషాఢమాసమున నాకుఁ గోసికొనెడి యాఁడుబిడ్డలకు సైతము పూచిన పొద దాపునకుఁ బోయిన నాఁడు గాని దాని తావి తెలియదు. సన్నని తెలిపూవులు గుత్తులు గుత్తులుగాఁ బూచును. పూవు చిన్నదే కాని వాసన దూరము వ్యాపించును. ప్రాచీనైగుప్తీయులును గ్రీకులును ఆ పూవుల తావిని నూనెకుఁ బట్టించి వాడిరి. ఇట్లు పెరటిలోని పూవును పెరటిలోనే విడిచి, దూరదేశపుఁ గఱ్ఱయందలి ద్రవ్యము తెలుఁగు పాఠమునఁ జేరినది. దీనికిఁ గారణ మూహింపవచ్చును. 1611లో వెలువడిన యాంగ్లానువాదమున నీ పూవునకుఁ 'గాంఫైర్' అను మాట వాడఁబడినది. అది యానాఁటి వ్రాఁతలోఁ గర్పూరమునకును జెల్లు మాట. 1885లో నాంగ్లేయులు తమ పాఠమును సవరించి గోరింట యను నర్థమునే నిలిపిరి. తెలుఁగున నా సవరణ రాలేదు. కోఫెర్, కర్పూరము అను మాటలకుఁ గల శబ్దసామ్యము గూడ పొరపాటునకుఁ దోడ్పడి యుండవచ్చును.

ఒక పూవు పేరు మాఱిన నేమి యని యెవ్వరైన నడుగవచ్చును. సాంబ్రాణిధూపము రోమను కతోలిక దేవాలయములందును, సిరియా సంప్రదాయపు సంఘములందును నేఁటికి నున్నది. ఆంధ్రదేశమున ననేకులు చేరియున్న బాప్తిస్టు లూథరను మొదలగు ప్రొటెస్టంటు సంఘములఁ బెక్కింట నారాధనమున ధూపము లేదు. ధూపపాత్రమును దొలఁగించినచోట గంధము మిగిలియుండునది రెండు తావులనే: ఒకటి గ్రంథమునందలి మాట, రెండవది వెలుపలి ప్రకృతి. ఈ రెంటికి సంబంధము నిలుపునది సరియైన పేరొక్కటియే. పేరు తప్పిన, చదువరి ముక్కున నున్న వాసనకును పుటమీఁది వాక్యమునకును బొత్తు తెగిపోవును. అప్పుడు పరమగీతము వాసన లేని పూలతోఁటగా మిగులును. కావున నిది పదకోశమునకుఁ జెందిన తగవని త్రోసివేయఁదగినది కాదు.

ఏన్గెదీ గంధములకుఁ బూర్వకాలముననే పేరొందినది. అచ్చటి 'బాల్సము' అను సుగంధనిర్యాసమును గూర్చి జోసీఫసు వ్రాసియున్నాఁడు. 1970 మొదలు 1972 వఱకు జరిగిన త్రవ్వకములలో వెల్లడియైన ప్రాచీన యూదుల ప్రార్థనామందిరపు నేలమీఁది శాసనమున, ఊరి రహస్యమును వెలిపెట్టువానికి శాపమున్నది. ఆ రహస్యము సుగంధముఁ దీయు విధానమే యని కొందఱు పండితుల యూహ. పరమగీతకర్త యా ప్రదేశమును బేర్కొనుట యాదృచ్ఛికము గాదు. ఏన్గెదీ యనఁగానే యానాఁటి శ్రోతకు గంధము స్ఫురించును. యూదపండితులు కోఫెర్ అను శబ్దమునకుఁ బ్రాయశ్చిత్తార్థకమగు ధాతువుతోఁ గల సామ్యమును బట్టి, పాపమును క్షమించువాఁడను నర్థమును గూడఁ బిండిరి. ఆ శ్లేష తెలుఁగున నెట్లును రాదు. రాని దానికై వగవఁ బనిలేదు గాని, రాఁదగిన గోరింట రాకుండుట మాత్రము కొఱఁతయే.

నాలుగవ యధ్యాయమునందలి ఉద్యానవర్ణనమును బరికింపుఁడు. నాయికను మూయఁబడిన తోఁటతోఁ బోల్చి, ఆ తోఁటలోని మొక్కలను గవి వరుసగాఁ జెప్పినాఁడు: దాడిమము, గోరింట, జటామాంసి, కుంకుమపూవు, సుగంధతృణము, దాల్చినచెక్క, సాంబ్రాణి వృక్షములు, బోళము, అగరు. ఇవి యన్నియు నొక్క తోఁటలోఁ బెరుగుట యసంభవము. జటామాంసి హిమవత్పర్వతముల మీఁద, మూఁడువేల మీటర్లకుఁ బైబడిన యెత్తునఁ బుట్టెడి చిఱుమొక్క. సాంబ్రాణివృక్షము దక్షిణారేబియాది. అగరు భారతదేశపుఁ దూర్పుప్రాంతపు టడవులలోను దానికిఁ దూర్పున నున్న దేశములలోను దొరకునది. దాల్చినచెక్క సింహళము మొదలగు తావులది. యూదయదేశపు మంటిలో వీనిని నాఁటిన బ్రదుకునవి రెండు మూఁడు మాత్రమే. దీనినిఁ జూచి కవికి వృక్షశాస్త్రము తెలియదని నవ్వుట యుచితము కాదు. మన ప్రబంధకవులు వనవర్ణనమున దేశకాలములను లెక్కింపక సకలవృక్షములను నొక్కచోటఁ జేర్చుట యెల్లరు నెఱిఁగినదే. అయితే ప్రబంధములలో నీ చేర్పు పెక్కుమాఱులు పేర్ల పట్టికగాఁ దేలిపోవును, పరమగీతమున నట్లుగాదు. అచ్చటి పేర్లు వర్తకులు తెచ్చెడి మూటల పేర్లు. ఒంటెలపై నెలలకొలఁది నడిచి వచ్చిన యెండువేళ్ళు, జిగురు, చెక్కలు కవి తలంపున మరల వేరూని చిగిర్చి పూచినవి. కొనఁదగిన సరకు తోఁటయందుఁ బ్రాణముతో నిలిచినది. నాయికను బోల్చుటకు సుగంధపు టంగడి చాలదు, సుగంధము పుట్టెడి నేలయే కావలయునని కవి భావము. తెలుఁగు పాఠమున జటామాంసిని వృక్షమనుట పొరపాటు. కాని యా పేరు నిలుపుట గొప్ప యొప్పు. హెబ్రీ 'నేర్ద్', గ్రీకు 'నార్దోస్' శబ్దములకు సంస్కృతపు 'నలద' శబ్దము మూలమని శాబ్దికులు చెప్పుదురు; ఆ ద్రవ్యము జటామాంసియే యని 18వ శతాబ్దాంతమున సర్ విలియం జోన్సు కలకత్తాలో నిర్ణయించెను. మన దేశపు మాట పడమరకుఁ బోయి వేదగ్రంథమునఁ జేరి, మరల మన భాషకు మన పేరితోనే తిరిగివచ్చినది. అగరుమాటయు నట్టిదే, హెబ్రీ 'అహాలీమ్' శబ్దము మన 'అగరు', తమిళపు 'అకిల్' అను మాటలతోఁ జుట్టఱికము గలదని పలువురి మతము.

బోళము విషయమునఁ దెలుఁగు పాఠము చిక్కు తెచ్చిపెట్టినది. హెబ్రీ 'మోర్', గ్రీకు 'స్ముర్న' యొక్కటే ద్రవ్యము: ముండ్లచెట్టు గాయమునుండి కాఱి గడ్డకట్టిన చేఁదుజిగురు. పాతనిబంధనమున నిర్గమకాండము, కీర్తనలు, పరమగీతములయందు దీనికిఁ దెలుఁగున 'గోపరసము' అని పేరు పెట్టిరి. క్రొత్తనిబంధనమునఁ బ్రాగ్దేశపు జ్ఞానులు శిశువునకుఁ గానుకగాఁ దెచ్చినప్పుడును, సిలువకడ ద్రాక్షారసమునఁ గలిపి యిచ్చినప్పుడును, నీకొదేము సమాధికిఁ గొనివచ్చినప్పుడును దానినే 'బోళము' అనిరి. ఇంతటితో నాఁగక, ఆదికాండము రెండవ యధ్యాయమునందలి 'బెదోలహ్' అను వేఱు ద్రవ్యమునకును, 37వ యధ్యాయమున యోసేపును గొన్న వర్తకుల యొంటెలపై నున్న 'లోత్' అను మఱియొక నిర్యాసమునకును బోళమనియే వ్రాసిరి. ఒక వస్తువునకు రెండు పేర్లు. ఒక పేరునకు మూఁడు వస్తువులు. బెదోలహ్ శబ్దమునకు గుగ్గిలము సరిపోయెడిది. గుగ్గిలమును గిలాదు లేపనమునకు ముందే వెచ్చించిరి గావున నది మిగులలేదు.

దీని వలనఁ గలిగిన నష్టము చిన్నది కాదు. పరమగీతమున నాయిక తన ప్రియుని ఱొమ్మున నుంచికొన్న మోర్ సంచితోఁ బోల్చినది. పూర్వక్రైస్తవ వ్యాఖ్యాతలు దీనిని జదివినపుడు వారి మనస్సునకు బేత్లెహేమును సమాధియు నొక్కమాఱే తట్టెను. ఒకే జిగురు ప్రణయమునను, జననమునను, మరణమునను వాసన లీనుచున్నదన్నచో నది వారు కల్పించిన చమత్కారము గాదు. మాట యొక్కటి యగుటచేతఁ దనంత వచ్చిన స్ఫూర్తి. తెలుఁగు చదువరికి గోపరసము వేఱు, బోళము వేఱు. అతఁడా స్ఫూర్తికిఁ బాత్రుఁడు కాఁజాలఁడు. బోధకుఁడు చెప్పినను బలవంతముగాఁ గూర్చినట్లే యుండును.

అనువాదకులను నిందించుటయే యీ విచారమునకుఁ బని కాదు. వారు మిగుల నేర్పు చూపిన తావులును గలవు. యెషయా గ్రంథము 11వ యధ్యాయము మూఁడవ వచనమున మూలమందు వాసనచూచుట యను క్రియ యున్నది. 1611 నాఁటి యాంగ్లపాఠము దానిని బుద్ధిసూక్ష్మతగా మార్చి గంధమును బోఁగొట్టినది. తెలుఁగు పాఠము దైవభీతిని సువాసనగానే చెప్పి మూలమునకు దగ్గఱగా నిలిచినది. హెబ్రీ భాషలో వాసనకు 'రేఅహ్' అనియు, ఊపిరికి, గాలికి, ఆత్మకు 'రూఅహ్' అనియుఁ బేర్లు; రెండు నొక్క కుదుటివి. ఊపిరి పీల్చినఁ గాని వాసన తెలియదు గదా. తార్కికులు గంధమును బృథివికి విశేషగుణముగాఁ జెప్పుదురు. హెబ్రీ భాష దానిని వాయువునకుఁ జుట్టముగాఁ జేసినది. మంటితోఁ జేయఁబడి నాసికారంధ్రములయందు జీవవాయువు నందుకొన్న మనుష్యుని విషయమున నీ రెండు మతములును విరోధింపవు.

అట్లే నోవహు బలిని గూర్చిన కథలోని 'నీహోఅహ్' అను విశేషణమునకు 'ఇంపైన' యను తెలుఁగు మాట మిక్కిలి యొప్పుచున్నది. అది విశ్రాంతివాచకమగు ధాతువునుండి పుట్టినది. నోవహు పేరును ఆ ధాతువునకుఁ జెందినదే. 'పద్మము' మాట మఱింత వింతగొలుపును. పరమగీతమునందలి 'షోషన్నా' పూవు పద్మము గాదనియు నది నేలపైఁ బూచెడి మఱియొక పూవనియుఁ బలువురు విమర్శకులు చెప్పుదురు. తెలుఁగు అనువాదకులు దానిని బద్మమనిరి. తప్పే యనుకొందము. కాని యా హెబ్రీపదము తామరపూవు పేరైన యొక యైగుప్తు పదమునుండి వచ్చినదని భాషావేత్తలు నిర్ణయించిరి. తప్పటడుగు వేసియు వారు మూలము గడపనే త్రొక్కిరి. యాకోబు భార్యల కథలోను పరమగీతము చివరను వచ్చు 'దూదాయీమ్' అను మొక్కకుఁ దెలుఁగునఁ 'బుత్రదాత' యని పేరు పెట్టుట మాత్రము కథలోని ప్రయోజనమునుబట్టి కల్పించినది. మూలపదము వలపునకుఁ జెందినది. పరమగీతమున నా మొక్క సువాసననే వెదచల్లుచున్నది కాని పుత్రులను గూర్చిన ప్రసక్తి యచ్చట లేదు.

ఇంతవఱకు మాటల సంగతి. ప్రకృతియందలి గంధమును విశ్వాసి తన సుఖమునకై యాస్వాదింపవచ్చునా యనునది వేఱు ప్రశ్నము. నిర్గమకాండము 30వ యధ్యాయమున నభిషేకతైలమునకు లెక్క చెప్పఁబడినది: బోళము 500, దాల్చినచెక్క 250, సుగంధతృణము 250, లవంగిపట్ట 500 తులములు, దానిపై నొలీవనూనె. పిదప ధూపద్రవ్యమును గూర్చి చెప్పి, ఎవ్వఁడైనఁ దాను వాసన చూచుకొనుటకై యట్టిదానిని జేసికొన్నచో వాఁడు జనులనుండి కొట్టివేయఁబడునని కఠినశాసనము చేయఁబడినది. దీనినిఁ బైపైఁ జదివినవారు గంధానుభవమే నిషిద్ధమని తలంతురు. శాసనము నిషేధించినది గంధమును గాదు, దేవునికై కూర్చిన యా కూర్పును. పొలము వాసనకు, పూవు తావికి, వాన తడిపిన చెట్టు చిగురునకు ధర్మశాస్త్రమున నెచ్చటను గట్టడి లేదు. కూర్చిన గంధము యాజకునిది. కూర్పని గంధ మెల్లరిది. ప్రవక్తల కోపమును దొలిదాని మీఁదనే. యెషయా మొదటి యధ్యాయమున ధూపము హేయమైనది. ఆమోసు గ్రంథమున దేవుఁడు వ్రతదినముల వాసన నొల్లనన్నాఁడు. లెబానోను గాలిని హేయమన్న ప్రవక్త యొక్కఁడును లేఁడు. హోషేయ తన గ్రంథము ముగియునెడఁ గరుణింపఁబడిన జనమునకు లెబానోను సువాసననే వాగ్దానము చేసినాఁడు.

ప్రకృతిగంధము వేదగ్రంథమున మొట్టమొదట మనుష్యుని నాసికకు సోఁకిన ఘట్టము ఆదికాండము 27వ యధ్యాయమునందలిది; అదియు వంచనతోఁ గూడినది. చూపు పోయిన ఇస్సాకు కొడుకును బరీక్షించుచున్నాఁడు. చెవి యాకోబు స్వరమని నిజము చెప్పినది. చేయి మేఁకపిల్లల తోలునకు మోసపోయినది. సంశయము తీఱక యతఁడు కొడుకును దగ్గఱకుఁ బిలిచి ముద్దు పెట్టుకొన్నప్పుడు ఏశావు వస్త్రముల వాసన వచ్చినది. అది దేవుఁడు దీవించిన పొలము వాసనయని ముసలివాఁడు కరఁగిపోయి దీవెన లిచ్చినాఁడు. నిజము చెప్పిన చెవిని ముక్కు గెలిచినది. ఘ్రాణము స్మృతితో నెంత ముడివడినదో చెప్పుట కింతకంటె నిపుణమైన చిత్రణ దొరకుట కష్టము. కథకుఁడు దీనిని మెచ్చుకొనుచున్నాఁడా, హెచ్చరించుచున్నాఁడా యని తెలియనీయఁడు. గంధము పొరపాటునకుఁ గారణమైనది. దీవెన మాత్రము పొరపాటు కాలేదు. యోబు 14వ యధ్యాయమున నఱకఁబడిన చెట్టు నీటి వాసన సోఁకినంతనే చిగుర్చునని చెప్పఁబడినది. నీటికి వాసన లేదని తార్కికుఁడు వాదింపవచ్చును. తొలకరి కెదురుచూచు నేలమీఁద బ్రదుకువాఁడు వాదింపఁడు. పాలస్తీనాలో వేసవి యంతయు వాన యుండదు. శరత్తున వచ్చు తొలివానతో నేల మేల్కొనును. ఆ కఱవునేలలో నీటికి వాసన గలదని యోబు పలికిన పలుకు సహజోక్తియే కాని యతిశయోక్తి కాదు. ఆ పలుకు వెంటనే, మనుష్యుఁడు చచ్చినచో మరల లేచునా యను ప్రశ్నము రానున్నది. చెట్టునకుఁ గల యాస మనుష్యునకు లేదే యని యోబు దుఃఖము.

తొలి శతాబ్దముల క్రైస్తవులు గంధమును శంకించుటకుఁ గారణ ముండెను. రోమను చక్రవర్తుల కాలమున దేవతలముందుఁ జిటికెఁడు సాంబ్రాణి వేసినవాఁడు బ్రదికెను, వేయనివాఁడు చచ్చెను. కావున టెర్టూలియను తాము సాంబ్రాణి కొనుటలేదని చెప్పినాఁడు. అయినను మృతులను సమాధి చేయుటకు మాత్రము క్రైస్తవులు సుగంధములను విరివిగా వాడుచున్నారని యా గ్రంథముననే యొప్పుకొనినాఁడు. నాలుగవ శతాబ్దాంతమునకుఁ గాలము మాఱినది. యెరూషలేమును దర్శించిన ఎగేరియా యను యాత్రికురాలు పునరుత్థాన దేవాలయమున ధూపపాత్రములు తెచ్చి గుడి యంతయు గుబాళింపఁజేయుట చూచి వ్రాసినది. అగస్తీను తన యాత్మకథ పదవ ఖండమున నింద్రియముల నొక్కొక్కదానిఁ బరీక్షించుచు, గంధముల యాకర్షణము తన్నంతగా బాధింపదనియు, లేకున్నఁ గోరననియు, ఉన్నఁ ద్రోసివేయననియుఁ జెప్పి నాలుగు మాటలలో దాఁటిపోయినాఁడు. చెవిని గూర్చి, కంటిని గూర్చి యంత వేదన పడిన మహానుభావుఁడు ముక్కును గూర్చి యింత తేలికగాఁ దీర్పు చెప్పుట గమనింపఁదగినది. పశ్చిమదేశపు దైవశాస్త్రమున ఘ్రాణమునకుఁ బట్టిన యుపేక్షకు నీ నాలుగు మాటలే యద్దము.

తూర్పు సంఘములలో నట్టి యుపేక్ష లేదు. 373లో మరణించిన సిరియా కవి ఎఫ్రేము పరదైసును గూర్చిన 15 గీతములలో గంధమునకు మహాస్థానమిచ్చినాఁడు. అచ్చటివారికిఁ దోఁటగాలియే యాహారము. వాసన పీల్చుటయే భుజించుట. రూఅహ్, రేఅహ్ శబ్దముల బంధుత్వము సిరియాక్ భాషలోను నుండుటచే నతనికిఁ బరిశుద్ధాత్మను గూర్చి చెప్పుటకుఁ బరిమళము తనంత వచ్చిన భాష. సూసను ఆష్‌బ్రూక్ హార్వీ 2006లో వెలువరించిన గ్రంథమునఁ బ్రాచీనక్రైస్తవుల గంధానుభవమును విరివిగాఁ జర్చించి, వారికి వాసన యలంకారము మాత్రమే కాక జ్ఞానసాధనము కూడ నని నిరూపించినది. పౌలు కొరింథీయుల రెండవ పత్రిక రెండవ యధ్యాయమునఁ దనవంటివారిని క్రీస్తు పరిమళముగాఁ జెప్పి, ఆ యొక్క పరిమళమే కొందఱికి జీవమనియు, మఱికొందఱికి మృత్యువనియు వ్రాసిన మాటలో నీ జ్ఞానము బీజరూపమున నున్నది. చూడనొల్లనివాఁడు కన్ను మూయవచ్చును. ఊపిరి పీల్చువాఁడు వాసనను దప్పించుకొనఁజాలఁడు.

వ్యాఖ్యాతలలో బెర్నార్డు సంగతి విశేషముగాఁ జెప్పవలసి యున్నది. అతఁడు 1135 మొదలు 1153లో మరణించు వఱకుఁ బరమగీతముమీఁద 86 ప్రసంగములు వ్రాసియు మూఁడవ యధ్యాయపు మొదటి మాటలు దాఁటలేదు. మూఁడు లేపనములను గూర్చి చెప్పుచు, మొదటిది పశ్చాత్తాపము, రెండవది భక్తి, మూఁడవది దయ యన్నాఁడు. పశ్చాత్తాపలేపనమునకుఁ దన పాపములే దినుసులు. వానిని మనస్సాక్షి యను కల్వమున నూఱవలయును. దయయను లేపనమునకు దినుసులు దరిద్రుల యవసరములు. ఇది కేవల రూపకమే యైనను ఇందు నూఱుట యున్నది, కాఁచుట యున్నది, వాసన ఘాటు తెలియుచున్నది. వాచ్యము సజీవముగా నున్నది గనుకనే వ్యంగ్యము ప్రకాశించినది. వెలుఁగు గోరువాఁడు దీపశిఖను యత్నముతోఁ గాపాడునట్లు, వ్యంగ్యార్థముఁ గోరువాఁడు వాచ్యార్థము నాదరింపవలయునని యానందవర్ధనుఁడు చెప్పిన న్యాయ మిచ్చట నన్వయించును. పిదపటి వ్యాఖ్యాతలు పలువురు దీపము నార్పి వెలుఁగును వెదకిరి. జటామాంసి యనఁగా వినయము, కుంకుమపూవనఁగాఁ బ్రేమ, అగరనఁగా మఱియొక గుణము అని పట్టిక వ్రాసి చేతఁబెట్టుట వ్యాఖ్యానము గాదు. అది బేరగాని చీటి. దానిని జదివిన పిదప జటామాంసి యెట్లుండునని యడుగుటకు శిష్యునకు నోరాడదు. మన పాఠశాలలలో శ్లేషార్థము చెప్పెడి తొందఱలో ముఖ్యార్థమును మ్రింగివేయు నుపాధ్యాయులు లేకపోలేదు. పరమగీతమునకు నదే గతి పట్టినది.

జటామాంసి పూవు చెప్పుకోఁదగిన సుగంధము గలది కాదు. సుగంధ మంతయు వేరునందే. మంటివాసన, కస్తూరివాసన కలిసినట్టి బరువైన తావి యది. తేలికయైన పూలవాసన గాదు. మార్కు సువార్త 14వ యధ్యాయమునను, యోహాను సువార్త 12వ యధ్యాయమునను బేతనియలో నొక స్త్రీ దీనినే యేసుపైఁ బోసినది. మార్కు ఆమె పేరు చెప్పలేదు, బుడ్డి పగులఁగొట్టినదని మాత్రము చెప్పినాఁడు. యోహాను మరియయని పేర్కొన్నాఁడు. తెలుఁగు పాఠమున 'అచ్చ' జటామాంసి 'అత్తరు' అనుట చక్కని కూర్పు. అచ్చ యనుటకు మూలమందున్న గ్రీకు విశేషణపు టర్థము నేఁటికి వివాదాస్పదమే. తెలుఁగు మాట యా వివాదమును దాఁటి, కల్తీ లేని సరకని సంతవాఁడు చెప్పిన ట్లున్నది. అత్తరు పారసీ దేశపు త్రోవను వచ్చిన యరబ్బీ మాట. ఇట్లు మూఁడు దేశముల మాటలు నొక బుడ్డిలోఁ జేరినవి.

దాని వెల 300 దేనారములకుఁ బైబడునని మార్కు వ్రాఁత. మత్తయి సువార్తలోని ద్రాక్షతోఁట ఉపమానమున దినమంతయుఁ బనిచేసిన కూలివాని కూలి యొక్క దేనారము. అనఁగా నొక కూలివాని యేఁడాది కష్టము. దీనిని బీదలకిచ్చిన బాగుగా నుండెడిదని యిస్కరియోతు యూదా యన్నమాట యోహాను వ్రాఁతవలన దుష్టునిదైనది గాని, మార్కు వ్రాఁతలోఁ దక్కినవారు గూడ నట్లే సణిగిరి. న్యాయబుద్ధి గల చదువరికి నేఁటికిని ఆ మాట సూటిగానే తగులును. యేసు దానికిఁ జెప్పిన ప్రత్యుత్తరము సుగంధము మంచిదని కాదు, బీదలు ముఖ్యులు గారని కాదు. తన సమాధి దినమునకై చేయఁబడినదని మాత్రమే. ఏ జిగురుతో నీకొదేము రానున్నాఁడో, ఏ వాసనను స్త్రీలు ఆదివారము తెల్లవాఱుజామున సమాధికిఁ గొనిపోనున్నారో దాని తొలిబొట్టు బేతనియలోఁ బడినది.

మత్తయియు మార్కును తైలము పోయుటను జెప్పిరి. ఇల్లెల్ల వాసనతో నిండినదని చెప్పినవాఁడు యోహా నొక్కఁడే. అంతకు ముందటి యధ్యాయమున నాలుగు దినములయిన శవము కంపుకొట్టునని మార్త చెప్పిన మాటను వ్రాసినవాఁడును అతఁడే. సమాధి రాయి తీయకముందు మార్త భయపడిన దుర్గంధము, తీసిన పిదప భోజనపంక్తిలో లాజరు కూర్చుండఁగా నింటినిండ వ్యాపించిన సుగంధము, ఈ రెంటి నడుమ నతఁడు కథను నడపినాఁడు. వ్యాఖ్యాతలలో నా యింటిని లోకముగా, వాసనను సువార్తగాఁ జెప్పినవారు గలరు. అది తగని యర్థము గాదు. కాని హిమవత్పర్వతపు మంచుచఱియలలో నెవ్వఁడో మనవాఁడు త్రవ్వి యెండఁబెట్టిన వేరు, ఎన్ని సంతలు, ఎన్ని యొంటెలు, ఎన్ని పడవలు దాఁటి వచ్చి యా సాయంకాలము బేతనియలోని గోడలకుఁ బట్టినదో, మరియ తలవెండ్రుకలకును బట్టి యా వారమంతయు విడువకుండినదో, దానిని మొదటఁ దలంచికొన్నవానికే యా యర్థము నిలుచును.